తిరగతానే ఉండాది సార్

వెలిగొండ కింద నుంచి – 17



ఈ వారం సంక్షేమ హాస్టళ్ల గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. దాన్ని పక్కన పెట్టాను. కారణం మా డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల ఒకామె. పేరు రాయను, ఊరూ రాయను. ఉదయగిరి దాటాక కొండవారగా ఉండే ఒక పల్లె. అంతవరకు చాలు.

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. ఒక దరఖాస్తుకి మర్నాటితో గడువు. అది పోకపోతే ఈ ఏడాది ఫీజు సొంతంగా కట్టుకోవాలి. కట్టుకోగలిగిన ఇల్లు కాదది. "ఏమైందమ్మా?" అని అడిగితే ఒకటే మాట: "తిరగతానే ఉండాది సార్."

ఏది తిరుగుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తెర మధ్యలో గుండ్రంగా తిరిగే ఆ చక్రం తెలియని మనిషి ఇప్పుడు మన పడమటి మండలాల్లో లేడు.

సాయంత్రం ఆరు నుంచి ఆ పేజీ ముందే కూర్చుంది. వివరాలన్నీ నింపింది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ ఫొటోలు తీసి ఎక్కించింది. చివరికి సబ్మిట్ నొక్కింది. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి 'మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి' అని వచ్చింది. మళ్లీ మొదటి నుంచి. అట్లా మూడుసార్లు. నాలుగోసారి ఓటీపీ రాలేదు. ఐదోసారి వచ్చింది, దాని గడువు తీరిపోయాక వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. అది వాళ్లమ్మది. తెల్లారితే ఆమె పనికి పోతూ దాన్ని తీసుకుపోవాలి.

ఫోన్ పెట్టేసే ముందు ఆ పిల్ల అడిగింది: "నేనేమన్నా తప్పు నొక్కానా సార్?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసం రాస్తున్నాను.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నా పదో తరగతి ఫలితాలు చూడటానికి మా నాయన నన్ను ఆత్మకూరులో ఒక నెట్ సెంటరుకి తీసుకుపోయాడు. ఆ రోజు అక్కడ నిలబడటానికి చోటు లేదు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నంబరు కొడితే తెల్లటి పేజీ. మళ్లీ కొడితే మళ్లీ తెల్లటి పేజీ. మా నాయన చదువుకోలేదు. ఆ తెల్లదనాన్ని ఆయన తనకు తెలిసినట్టే చదివాడు. నెట్ సెంటరు అబ్బాయి చెవి దగ్గరకి వంగి, నాకు వినపడకూడదని మెల్లగా అడిగాడు: "మావాడు తప్పినాడా అయ్యా?"

పేజీ రాలేదు, అంతే. కానీ ఏది రాకపోయినా లోపం మనదేనేమో అనుకోవడం మనకి తరతరాలుగా అలవాటు చేశారు. ఆ అలవాటు మా నాయనతో పోలేదు. స్మార్ట్‌ఫోన్ పట్టుకున్న ఈ పిల్ల దాకా వచ్చింది.

కాబట్టి మొదట ఆ పిల్లకి జవాబు చెప్పాలి. నువ్వు తప్పేమీ నొక్కలేదమ్మా. మరి ఏం జరిగింది? నేను తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ని, ఇంజనీరుని కాను. కానీ ఈ సంగతి అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. బస్సులో నెల్లూరు పోయి వచ్చిన అనుభవం చాలు.

నెల్లూరు కలెక్టరేట్‌లో నీకు ఒక పని పడిందనుకో. ఉదయగిరి నుంచి పోయావు. 'ఇది ఈ సెక్షన్ కాదు, పై అంతస్తు' అన్నారు, ఆ రోజుకి వేళ అయిపోయింది, తిరిగొచ్చావు. రెండోసారి పోతే 'నువ్వే అని రుజువు చూపించు' అన్నారు, తిరిగొచ్చావు. మూడోసారి రుజువు చూపిస్తే 'సరే, ఇప్పుడు అర్జీ తీసుకురా' అన్నారు. నాలుగోసారి అర్జీ ఇచ్చావు. వెబ్ పేజీ తెరవడం అచ్చంగా ఇంతే. ఫోను మొదట ఆ సైటు చిరునామా ఎక్కడో అడగాలి, ఒక ప్రయాణం. ఆ సర్వరుని పలకరించి 'ఉన్నావా' అంటే 'ఉన్నాను' అనాలి, రెండో ప్రయాణం. మధ్యలో ఎవరూ దొంగచాటుగా చదవకుండా తాళం మాట్లాడుకోవాలి, మూడోది. 2018లో వచ్చిన కొత్త పద్ధతిలో తాళానికి ఒక ప్రయాణం చాలు, పాత పద్ధతిలో రెండు కావాలి. అప్పుడు గానీ 'ఈ పేజీ ఇవ్వు' అని అడగడం కుదరదు. ఒక్క అక్షరం తెర మీద పడకముందే నాలుగు ప్రయాణాలు.

ఒక్కో ప్రయాణానికి పట్టే కాలాన్ని లేటెన్సీ అంటారు. మనం జాప్యం అందాం. మంచి సిగ్నల్ ఉన్న చోట 4జీలో రానూ పోనూ కలిపి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. నాలుగు ప్రయాణాలకి సెకనులో అయిదో వంతు, కన్నుమూసి తెరిచేలోపు. అదే ఒక్కో ప్రయాణానికి ముప్పావు సెకను పట్టే చోట, నాలుగింటికి మూడు సెకన్లు. ఇది పలకరింపులకే. ఆ తర్వాత పేజీలో బొమ్మలు, లోగోలు, అక్షరాల రూపాలు, ప్రోగ్రాం ముక్కలు, పదుల కొద్దీ ఫైళ్లు రావాలి. వాటిలో కొన్ని వేరే సర్వర్లలో ఉంటాయి. ఆ ప్రతి సర్వరుతో మళ్లీ మొదటి నుంచి పలకరింపులు.

మన కంపెనీలు, మన ప్రభుత్వాలు ఎప్పుడూ చెప్పేది స్పీడు. ఇన్ని ఎంబీపీఎస్ అంటారు. అది రోడ్డు వెడల్పు. నాలుగు లైన్ల రోడ్డు వేస్తే ఎక్కువ బస్సులు పడతాయి, నిజమే. కానీ రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన నువ్వు నెల్లూరు తిరగాల్సిన సార్లు తగ్గవు. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం 2023 జనవరిలో నిర్వచనం మార్చింది. అంతకుముందు 512 కేబీపీఎస్. రెండూ వెడల్పు లెక్కలే. ప్రయాణానికి ఎంతసేపు పట్టాలో ఆ నిర్వచనంలో లేదు.

దూరం వల్ల ఇంత ఆలస్యం అవుతుందా అంటే, కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఉదయగిరి నుంచి చెన్నై 250 కిలోమీటర్లనుకుంటే, పోయి రావడానికి సెకనులో నాలుగు వందలో వంతు చాలు. ఆలస్యమంతా ఫోనుకీ టవరుకీ మధ్యనో, టవరు దాటాక తీగ దొరికేదాకానో, అవతల సర్వరు గుమ్మం దగ్గరో పుడుతుంది. మనకు అడ్డంగా వెలిగొండ ఉంది. కొండ నీడలో సిగ్నల్ పలచబడితే పంపిన ముక్క తప్పిపోతుంది, మళ్లీ పంపాలి. ఒక ముక్క తప్పిపోతే దాని వెనక వచ్చినవి కూడా వరసలో ఆగి ఎదురుచూస్తాయి. సాయంత్రం పనుల నుంచి అందరూ ఇళ్లకి చేరి ఒకే టవరు మీద పడితే ఒక్కో ఫోను తన వంతు కోసం ఆగాలి. గడువు చివరి రోజున రాష్ట్రమంతా ఒకే సర్వరు మీద పడితే అక్కడ ఇంకో వరస.

ఇక్కడ ఒక దెప్పుడు మాట ఉంది. స్టాఫ్ రూముల్లో విన్నాను, మన పిల్లల ముఖాన అనగా కూడా విన్నాను: "రీల్స్ చూడ్డానికి నెట్ వస్తుంది గానీ, ఫారం నింపడానికి రాదా?"

రాదు. అది ఎందుకు రాదో తెలుసుకోవడం మనకి చాలా అవసరం.

వీడియో వచ్చే దారి వేరు. దాన్ని చూపించే కంపెనీ ఆ వీడియో నకళ్లు మనకు దగ్గరి ఊళ్లలోని సర్వర్లలో ముందే పెట్టి ఉంచుతుంది. నువ్వు చూస్తుండగానే రాబోయే భాగాన్ని ఫోనులోకి తెచ్చి దాచి పెడుతుంది, మధ్యలో సిగ్నల్ పోయినా బొమ్మ ఆగకుండా. నెట్ నీరసించిందని తెలియగానే అడక్కుండానే బొమ్మ నాణ్యత తగ్గిస్తుంది. పైగా వీడియో టవరు నుంచి ఫోనుకి వస్తుంది. టవరుకి బలం ఎక్కువ. సర్టిఫికెట్ ఫొటో ఫోను నుంచి టవరుకి పోవాలి. ఫోను ప్రసార శక్తి మామూలుగా వాటులో అయిదో వంతు మించదు, టవరుది పదుల వాట్లు. కేకేసేవాడి గొంతు మనకి వినపడుతుంది, మన గొంతు వాడికి వినపడదు. అందుకే అదే ఫోనులో, అదే మంచం మీద, అదే రాత్రి రీల్స్ ఆడతాయి, ఫారం పోదు.

అంటే జాప్యాన్ని భరించే విద్య ఈ దేశంలో ఉంది. ఆ విద్య తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు, వాళ్లలో మన తెలుగు పిల్లలే బోలెడు మంది. వీడియో ఆగితే చూసేవాడు పోతాడు, వాడితో ప్రకటన డబ్బు పోతుంది. కాబట్టి ఆలస్యం బరువు కంపెనీ మోస్తుంది. ఫారం ఆగితే పోయేది ఒక ఎస్సీ కాలనీ పిల్ల ఫీజు. కాబట్టి ఆలస్యం బరువు ఆ పిల్ల మోస్తుంది. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇదే. ఆలస్యం కొండ వల్ల రావచ్చు, గాలి వల్ల రావచ్చు. అది ఎవరి నెత్తిన పడాలన్నది మాత్రం మనుషులు తీసుకున్న నిర్ణయం.

ఇప్పుడు కొందరు మిత్రులు కామెంటు పెడతారని తెలుసు. "దీంట్లోకి కూడా కులం తెచ్చావా? టవరుకి కులం తెలుసా? భూమి ఉన్నవాళ్ల ఫోన్లోనూ ఆ చక్రమే తిరుగుతుంది కదా?"

నిజం. టవరుకి కులం తెలియదు. చక్రం అందరికీ తిరుగుతుంది. ఒప్పుకుంటాను. అయితే ఒక పాత ఆలస్యం కథ చెబుతాను, అప్పుడు మాట్లాడుకుందాం.

1901 వేసవి. పదేళ్ల భీమ్‌రావ్ ఇంట్లో పిల్లలతో కలిసి సతారా నుంచి తండ్రి ఉద్యోగం చేసే ఊరికి రైల్లో బయల్దేరాడు. వస్తున్నామని ముందే ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చేరింది. కానీ అందుకున్న నౌకరు దాన్ని తండ్రికి ఇవ్వడం మరిచిపోయాడు. పిల్లలు మసూర్ స్టేషన్లో దిగి ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు దగ్గరకొచ్చి మంచిగానే పలకరించాడు. మహర్ పిల్లలని తెలియగానే ముఖం మారిపోయింది. బళ్లవాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే షరతు మీద కదిలారు. తినడానికి ఇంటినుంచి తెచ్చుకున్నది ఉంది, తాగడానికి నీళ్లిచ్చేవాడు లేడు. ఆకలితోనే రాత్రి గడిపారు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో మొట్టమొదట చెప్పిన సంగతి ఇది. ఆ పేరులోనే ఎదురుచూపు ఉంది చూడండి.

ఉత్తరం ఇవ్వడం మరిచిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగే పొరపాటు. ఆ పొరపాటుకి కులం లేదు. అదే స్టేషన్లో వేరే కులం పిల్లలుంటే స్టేషన్ మాస్టరు గదిలో కూర్చోబెట్టేవాడు, మంచినీళ్లిచ్చేవాడు, ఏదో ఒక బండి ఎక్కించేవాడు. వాళ్లకి అది ఒక గంట ఆలస్యం, పెద్దయ్యాక నవ్వుకునే జ్ఞాపకం. ఈ పిల్లలకి అది జీవితమంతా మరవలేని రాత్రి. సందేశం ఆలస్యం కావడం ప్రమాదం. ఆ ఆలస్యం ఏమైంది అన్నది కులం.

ఇప్పుడు ఉదయగిరికి రండి. ఊళ్లో ఆస్తి ఉన్న ఇంట్లో చక్రం తిరిగితే ఏమవుతుంది? ఇంటికి తీగ కనెక్షన్ ఉంటే దానికి మారతారు. రెండో సిమ్ము వేస్తారు. బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి పాస్‌వర్డు చెబితే అతను ఆఫీసులో కూర్చుని రెండు నిమిషాల్లో నింపేస్తాడు. మన పిల్లకి బెంగళూరులో అన్న లేడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆరింటికి పనికి పోతుంది. అది తక్కువ ధర ఫోను, బరువైన పేజీ వచ్చినా దాన్ని అరిగించుకోవడానికే ఆయాసపడుతుంది. టవరు కులం చూడదు. ఆలస్యాన్ని తట్టుకునే శక్తి మాత్రం భూమి పంచినట్టే, చదువు పంచినట్టే, కులం చూసే పంచారు.

జాతీయ నమూనా సర్వే 75వ విడత, 2017–18 లెక్క చూడండి. దేశంలో పట్నం ఇళ్లలో 42 శాతానికి ఇంటర్నెట్ వసతి ఉంటే పల్లె ఇళ్లలో 14.9 శాతానికే ఉంది. కంప్యూటరు పల్లెల్లో 4.4 శాతం ఇళ్లలో ఉంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫారాలు తయారుచేసేవాళ్లు ఇప్పటికీ ఆ 4.4 శాతం బల్ల ముందు కూర్చున్నట్టే తయారుచేస్తున్నారు.

ఇది చదువులకే పరిమితం కాదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోతోందని కూలీలు మొత్తుకున్నారు, ఆ ఏడాది ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నా పెట్టారు. ఎండలో మట్టి ఎత్తిన మనిషి చేతులు సాక్ష్యం కాదు. తిరిగే చక్రం ఆగితేనే సాక్ష్యం.

ఆలస్యం ఎంత విలువైనదో డబ్బున్నవాళ్లకి బాగా తెలుసు. 2009లో గూగుల్ ఒక ప్రయోగం వివరాలు బయటపెట్టింది. వెతికిన ఫలితాల్ని కావాలనే సెకనులో పదో వంతు నుంచి నాలుగు పదుల వంతుల దాకా ఆలస్యం చేసి చూసింది. జనం వెతకడం 0.2 నుంచి 0.6 శాతం దాకా తగ్గింది. ఆ కాస్త జాప్యానికే జనం వెనక్కి తగ్గారు, గూగుల్ దాన్ని లెక్కగట్టింది. అంతకుముందే, 1993లో, జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు మూడు గీతలు గీశాడు. పదో వంతు సెకనులో జవాబు వస్తే మనిషికి ఆలస్యమే తెలియదు. సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు అక్కడ నిలవదు. మా పిల్ల మూడు గంటలు నిలబెట్టింది మనసుని. వెళ్లిపోతే ఇంకో దుకాణం ఉన్నవాడి ఓపిక పది సెకన్లు. వెళ్లిపోవడానికి చోటు లేనివాళ్ల ఓపికని ఎవరూ కొలవలేదు, కొలిచే అవసరం వాళ్లకి పడలేదు.

ప్రభుత్వాలకి కూడా తెలుసు. కశ్మీర్‌లో 2020 జనవరిలో మొబైల్ ఇంటర్నెట్ తిరిగి ఇచ్చినప్పుడు 2జీ వేగంతోనే ఇచ్చారు. 4జీ అంతటా 2021 ఫిబ్రవరి 5న గానీ రాలేదు. నెట్ పూర్తిగా తీసేయక్కర్లేదు, నెమ్మది చేస్తే చాలునని అధికారానికి తెలుసు. నెమ్మదితనం ఆంక్ష కాగలదని తెలిసిన రాజ్యానికి, నెమ్మదితనం అన్యాయం కూడా కాగలదని తెలియదా?

జాషువా 1941లో గబ్బిలంతో సందేశం పంపించాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఆ అరుంధతీ సుతుడికి గుడిలోకి పోనిచ్చే ప్రాణి ఒక్క గబ్బిలమే దొరికింది. ఈ పాఠం క్లాసులో చెబుతుంటే మా పిల్లాడొకడు లేచి అన్నాడు: "సార్, ఇప్పుడు మన దరఖాస్తులన్నీ క్లౌడ్‌లోనే కదా." క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. మేఘం అందరిదీ అన్నారు సరే, దాని దాకా మోసుకుపోయేదానికి మనకి ఇంకా గబ్బిలమే దిక్కు.

మరి ఏం చేయాలి? "5జీ వస్తే అన్నీ తీరతాయి" అనేవాళ్లకి పైనే జవాబు చెప్పాను, రోడ్డు వెడల్పు ఒక్కటే చాలదు. తీగలు, టవర్లు కావాలి, తప్పకుండా అడగాలి. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా పల్లెపల్లెకీ తీగ అన్నారు. ఆ మాట చివరి ఎస్సీ కాలనీ చివరి ఇంటిదాకా రావాలని అడుగుదాం. కానీ తీగ వచ్చేదాకా పిల్లల చదువు ఆగదు కదా. తీగ రాకముందే, ఈ కొండ కిందే, ఈ టవరుతోనే చేయగలిగినవి ఉన్నాయి.

మొదటిది, నింపినది పోకూడదు. ఒక్కో గడి నింపగానే ఫోనులోనే దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు తనంతట తానే పంపుకునే ఫారం తయారుచేయడం తెలిసిన విద్యే. సెషన్ ముగిస్తే లాగిన్ మళ్లీ అడగండి, రాసినది మాత్రం చెరపకండి.

రెండోది, ఫొటో బరువు ఫోనే తగ్గించాలి. నాలుగు ఎంబీల సర్టిఫికెట్ ఫొటోని వంద కేబీలకి కుదించినా అక్షరాలు చదవొచ్చు. 'ఫైల్ సైజు ఎక్కువ' అని తిప్పి పంపడం ఆ పిల్లని ఇంకోసారి నెల్లూరు తిప్పడమే.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గడువు. మన పోలింగ్ బూతుల్లో ఏం చేస్తారు? వేళ అయిపోయేసరికి వరసలో నిలబడి ఉన్న వాళ్లందరికీ చీటీలిచ్చి, ఎంత రాత్రయినా ఓటు వేయిస్తారు. వరస ఆలస్యం ఓటరు తప్పు కాదని ఈ దేశం ఒప్పుకుంది. పేజీ ముందు కూర్చున్న పిల్ల కూడా వరసలో ఉన్న మనిషే. గడువులోపు లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ఒక చీటీ నంబరు ఇవ్వండి. పూర్తి చేయడానికి ఇంకో రెండు రోజులివ్వండి. ఓటుకి ఉన్న న్యాయం చదువుకి ఉండకూడదా?

నాలుగోది, కాగితం దారి మూయొద్దు. 2019 అక్టోబర్ 2న మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. నెట్ రాని రోజున దరఖాస్తు అక్కడ కాగితం మీద తీసుకుని, తేదీ వేసి రసీదు ఇస్తే, ఆ తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. డబ్బు విషయంలో ఇట్లాంటి దారి వేశారు కదా. స్మార్ట్‌ఫోన్ లేని వాళ్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చారు, మామూలు ఫోను నుంచి ఇంటర్నెట్ లేకుండా డబ్బు పంపొచ్చు. డబ్బు నడవడానికి ఇంటర్నెట్ అక్కర్లేని దారి ఉంది, స్కాలర్‌షిప్ అడగడానికి మాత్రం లేదు.

అయిదోది, ఫారం తయారుచేసినవాళ్లు దాన్ని ఇక్కడ నింపి చూడాలి. 2015లో ఫేస్‌బుక్ తన ఉద్యోగుల కోసం '2జీ మంగళవారాలు' పెట్టింది. మంగళవారం ఒక గంట కావాలంటే నెమ్మది నెట్‌తో తమ యాప్‌ని తామే వాడి చూడొచ్చు. అది వ్యాపారం కోసం చేసిన పనే. అయినా చేసింది. మన పోర్టళ్లు కట్టే అధికారుల్ని, కాంట్రాక్టర్లని గడువు చివరి రోజు సాయంత్రం సీతారామపురంలోనో, మర్రిపాడులోనో, అరుంధతీవాడలో మంచం మీద కూర్చోబెట్టి, మన పిల్లల ఫోను చేతికిచ్చి 'నింపండి సార్' అందాం. టీ మేమే పోస్తాం.

ఇవి దయతో ఇచ్చేవి కావు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల్ని అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపు లేనివాళ్లు బ్యాంకు కేవైసీ చేసుకోలేకపోతున్నామని వేసిన పిటిషన్ల మీద వచ్చిన తీర్పు అది. కెమెరా ముందు కన్ను ఆర్పమని అడిగితే, కన్ను ఆర్పలేని మనిషి ఏం చేయాలి? కోర్టు ఆ మనుషుల్ని మారమనలేదు. పద్ధతి మార్చమంది. మన వాదన కూడా అదే. కొండ కింద పుట్టిన పిల్లని కొండ దాటి రమ్మనకండి, ఫారాన్ని కొండ దాటించండి.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెబుతున్నాను. 1991–92లో ఇక్కడికి దగ్గరే దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో పాఠాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకున్నారు. సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లు కూడా మొదట్లో తమ బాధని తమ ఇంటి కర్మ అనుకున్నవాళ్లే. పక్కింటి ఆమెదీ అదే బాధని తెలిశాక అది కర్మ కాకుండా పోయింది. మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం. చక్రం తిరిగినప్పుడు ఒక నోటుబుక్కులో రాయండి: తేదీ, టైము, ఊరు, ఏ పేజీ, ఎన్ని నిమిషాలు, ఎన్నోసారి, చివరికి పోయిందా లేదా. తెర ఫొటో తీసి పెట్టండి. ఒక్కరు రాస్తే ఫిర్యాదు. వంద మంది రాస్తే సాక్ష్యం. సమాచార హక్కు కింద సర్వరు ఎంతసేపు పడిపోయిందో అడగడానికి అప్పుడు మన చేతిలో తేదీలుంటాయి.

చివరిగా ఆ పిల్ల సంగతి. మర్నాడు మొదటి బస్సుకి ఆత్మకూరు వచ్చింది. నెట్ సెంటరులో వరస. మధ్యాహ్నం రెండున్నరకి దరఖాస్తు పోయింది. బస్సుకి, నెట్ సెంటరుకి, తిండికి కలిపి రెండు వందలు దాటింది. వాళ్లమ్మ ఆ రోజు ఫోను పిల్లకిచ్చి తను ఫోను లేకుండానే పనికి పోయింది.

ఆమె వెనక వరసలో ఇంకో అబ్బాయి ఉన్నాడు. మా కాలేజీనే, మన వాడే. అతని వంతు సాయంత్రం వచ్చింది. ఓటీపీ రాలేదు. చక్రం తిరుగుతుండగా గడువు ముగిసింది. ఇప్పుడు నెల్లూరులో ఒక బట్టల షాపులో పనికి చేరాడు. ఫోన్ చేస్తే నవ్వుతూనే మాట్లాడాడు. "వచ్చే ఏడు చూద్దాం లే సార్" అన్నాడు. తర్వాత ఒక్క నిమిషం ఆగి, "నేనే ముందు రోజు వచ్చుండాల్సింది సార్, నాదే తప్పు" అన్నాడు.

నీ తప్పు కాదు నాయనా. ముందు రోజు కూలికి పోయావని నాకు తెలుసు. నువ్వు వరసలో ఉన్నావు. నీకు చీటీ ఇవ్వలేదు, అంతే.

హాస్టళ్ల వ్యాసం వచ్చే వారం తప్పకుండా.

జై భీమ్.